చేవ్రాలు ఎవరిది? కాగితం ఎవరిది?



'సంతకం' అన్న మాట మనకు బాగా అలవాటయిపోయింది కాని, దానికి తెలుగులో అందమైన మాట వేరే ఉంది: చేవ్రాలు. చే అంటే చెయ్యి, వ్రాలు అంటే వ్రాత. పాత దస్తావేజుల చివర 'ఫలానావారి చేవ్రాలు' అనీ, వ్రాయనేర్వనివారైతే 'ఫలానావారి నిశాని' అనీ ఉండేది. పత్రమంతా వ్రాసిన చెయ్యి ఒకటి. దానికి కట్టుబడే చెయ్యి మరొకటి. ఆ రెండో చెయ్యి కిందనున్న రెండంగుళాల జాగాలో పడితే తప్ప పైనున్న వ్రాత అంతా ఉత్త సిరాయే.

ఈ రెండు చేతుల సంగతి ఆలోచిస్తూ నేను చేరిన చోటు వింటే మీకు ఆశ్చర్యం కలుగవచ్చు. పిల్లలకు సంధులు, సమాసాలు, ప్రబంధ పద్యాలు చెప్పి విశ్రాంతి పొందిన తెలుగు పండితుడికి అమెరికా సర్కారు పాత కాగితాలతో పనేమిటి? విశ్రాంత జీవితంలో కొన్ని నెలలు మా అబ్బాయి దగ్గర అమెరికాలో గడిపినప్పుడు, ఆ ఊరి గ్రంథాలయంలో వేలంపాటల పాత జాబితాలు కంటబడ్డాయి. 18వ శతాబ్దం చివర, 19వ శతాబ్దం మొదట ఆ దేశపు ప్రభుత్వం వెలువరించిన, పెద్దల చేవ్రాళ్ళు గల పత్రాల జాబితాలవి. మొదట ధరలు చూసి నివ్వెరపోయాను. పిమ్మట పత్రాల్లో ఉన్న విషయం చదవసాగాను. చదివినకొద్దీ ఒకటే ప్రశ్న వెంటాడింది: ఈ కాగితం అసలు ఎవరిది? సంతకం చేసినవాడిదా, ఎవరి పేర వ్రాశారో అతడిదా, చేతిలో ఉన్నవాడిదా, ప్రభుత్వానిదా? ఈ ప్రశ్న కొత్తది కాదనీ, ఆ దేశం పుట్టిన తొలి రోజులలోనే చట్టసభలో పెద్ద వాదానికి కారణమైందనీ తెలిసిన తరువాత ఈ టపా వ్రాయాలనిపించింది.

ముందుగా, అంతమంది పెద్దలు అన్ని కాగితాల మీద ఎందుకు చేవ్రాలు చేశారో చెప్పాలి. అది యంత్రం లేని కాలం. జార్జి వాషింగ్టన్ మొదటి అధ్యక్షుడుగా ఉన్నప్పుడు విదేశాంగ శాఖలో పట్టుమని పదిమంది గుమాస్తాలు కూడా లేరు. ఆ శాఖకు కార్యదర్శి థామస్ జెఫర్సన్. 1789 సెప్టెంబరు 15న చేసిన ఒక చట్టం ప్రకారం, కాంగ్రెసు చేసిన ప్రతి చట్టానికీ ధ్రువీకరించిన అచ్చుప్రతులు రెండేసి ప్రతి రాష్ట్ర పాలకుడికీ పంపాలి. అందుచేత 1790 నుండి జెఫర్సన్ ఒక్కొక్క చట్టపు ప్రతుల మీద వరుసగా కూర్చుని చేవ్రాళ్ళు చేసేవాడు. ఆయన చేవ్రాలుతో కొన్ని అచ్చుచట్టాలు నేటికీ సేకర్తల చేతుల్లో కనిపించడానికి కారణమిదే. కొత్త వస్తువు కనిపెట్టినవారికిచ్చే పేటెంటు మీద సాక్షాత్తు అధ్యక్షుడే చేవ్రాలు చేయాలి. 1790 జూలై 31న శామ్యూల్ హాప్కిన్స్ అనే అతనికి పొటాష్ తయారుచేసే పద్ధతికి ఇచ్చిన మొట్టమొదటి పేటెంటు మీద వాషింగ్టన్, జెఫర్సన్, న్యాయశాఖాధిపతి ఎడ్మండ్ రాండాల్ఫ్ ముగ్గురి చేవ్రాళ్ళూ ఉన్నాయి. బూడిద నుంచి క్షారం తీసే విధానానికి అంతమంది మహానుభావుల ఆమోదం!

సైనికాధికారుల నియామక పత్రాలు, భూమి పట్టాలు, జీతపు ఉత్తరువులు, ఋణపత్రాలు, చివరకు చేతినుంచి చేతికి మారే చిల్లర నోట్లు కూడా చేవ్రాలు లేనిదే చెల్లేవి కావు. వీటన్నిటిలోనూ నాకు వింతగా తోచినవి ఓడల పత్రాలు. 1784లో 'ఎంప్రెస్ ఆఫ్ చైనా' అనే ఓడ కాంటన్‌కు బయలుదేరినప్పుడు కాంగ్రెసు ఇచ్చిన పత్రంలో సంబోధన చూడాలి. ఏ రేవులో ఏ ప్రభువుంటాడో తెలియదు గనుక చక్రవర్తులు, రాజులు, గణరాజ్యాలు, యువరాజులు మొదలుకొని చిన్న ఊరి అధికారుల దాకా అందరినీ విశేషణాలతో వరుసగా స్తుతించారు. మన శాసనాలలోని ప్రశస్తి గద్యం గుర్తుకొచ్చి నవ్వుకున్నాను. అదే ఏడాది డిసెంబరులో 'యునైటెడ్ స్టేట్స్' అన్న పేరుగల ఓడ ఫిలడెల్ఫియా నుంచి వచ్చి మన తూర్పు తీరాన పుదుచ్చేరిలో లంగరు వేసింది. స్వతంత్ర అమెరికా జెండాతో భారతదేశానికి చేరిన తొలి ఓడ అదేనంటారు. తరువాత 1794లో ఇంగ్లండుతో కుదిరిన జే ఒడంబడిక ఆ దేశపు ఓడలకు మద్రాసు, కలకత్తా రేవులలో వర్తకానికి హక్కు కల్పించింది.

ఉత్తరాఫ్రికా తీరంలో అల్జీర్స్, ట్యునిస్, ట్రిపోలి పాలకుల ఓడలు ఇతర దేశాల ఓడలను పట్టుకుంటున్న కాలంలో అమెరికా ఓడలకు చర్మపత్రం మీద వేరొక అనుమతి ఇచ్చేవారు. బొమ్మలు చెక్కి అచ్చువేసిన ఆ పత్రం పై భాగాన్ని అలలు అలలుగా కత్తిరించి, ఆ ముక్కలను ఆ తీరంలోని రాయబారులకు పంపేవారు. ఓడను ఆపినవాడు తన దగ్గరున్న ముక్కను ఓడవాడి పత్రానికి ఆనించి చూస్తాడు. అలలు కలిస్తే ఓడ సాగిపోవచ్చు. చదువురానివాడికి కూడా పనికివచ్చే రుజువు! ఇటువంటి ఓడపత్రాలు ఖాళీగా ఉండగానే అధ్యక్షుడు చేవ్రాలు చేసి రేవులకు పంపేవాడు. ఓడ పేరు, సరంగు పేరు తరువాత అక్కడి సుంకాధికారి నింపుకొనేవాడు. అందుచేత ఒకే పత్రంలో రెండు సిరాలు, రెండు దస్తూరీలు కనిపిస్తే అది మోసం కాదు, ఆనాటి పద్ధతి.

ఇక అసలు కథకు వస్తాను.

1783లో స్వాతంత్ర్య యుద్ధం ముగిసింది. సైనికులకు ఇళ్ళకు పొమ్మని సెలవు పత్రాలిచ్చారు. అచ్చువేసిన ఆ పత్రాల మీద సేనాధిపతి వాషింగ్టన్ స్వయంగా చేవ్రాలు చేశాడు. ఆ చేవ్రాలు ఈనాడు వేల డాలర్లు చేస్తుంది. కాని ఆనాడు ఆ సైనికుడి జేబులో ఒక్క నాణెం లేదు. బకాయిపడిన జీతానికి బదులు సర్కారు మరొక కాగితం ఇచ్చింది. సైన్యపు లెక్కలు తేల్చే అధికారి జాన్ పియర్స్ పేరుతో వెలువడిన ఆ వడ్డీ పత్రాలను 'పియర్స్ నోట్లు' అనేవారు. ఎప్పటికో చెల్లిస్తామన్న వాగ్దానమే తప్ప, దాంతో ఊరి కొట్లో ఒక పూట భోజనం కూడా రాదు. ఇంటికి వందల మైళ్ళు నడిచి వెళ్ళవలసినవాడు ఏం చేస్తాడు? అమ్ముకుంటాడు. దారి పొడుగునా కొనేవాళ్ళు కాచుకునే ఉన్నారు. పౌను విలువగల పత్రానికి రెండున్నర షిల్లింగులు, అంటే మన పాత లెక్కలో రూపాయికి రెండణాలు. ఏడేళ్ళు పోరాడిన జోసెఫ్ ప్లంబ్ మార్టిన్ అనే సిపాయి 1830లో తన అనుభవాలు పుస్తకంగా అచ్చువేయించాడు. ఒంటిమీద సరైన బట్టల కోసం తన జీతపు పత్రాలలో కొన్ని అమ్ముకున్నానని అందులో చెప్పాడు.

చేవ్రాలు గల అమెరికా సర్కారు కాగితాలను పోగుచేసిన తొలి సేకర్తలు, మిత్రులారా, వీరే. వారికి చరిత్ర మీద ప్రేమ లేదు, కాగితం మీద వాత్సల్యమూ లేదు. సిపాయి పేరున ఉన్న పత్రం తమ పెట్టెలోకి వస్తే చాలు.

1790లో ఆర్థిక శాఖాధిపతి అలెగ్జాండర్ హామిల్టన్ ఆ ఋణపత్రాలను వాటిమీద వ్రాసిన పూర్తి మొత్తానికి గుర్తించి, ఎవరి చేతిలో పత్రముంటే వారికే చెల్లించాలని ప్రతిపాదించాడు. ప్రభుత్వం మాట నిలబెట్టుకుంటేనే లోకం దానికి మళ్ళీ అప్పిస్తుంది, మొదట ఎవరిది, మధ్యలో ఎవరిది అని వెతుకుతూ కూర్చుంటే ఏ పత్రానికీ విలువ నిలవదు అన్నది ఆయన వాదం. జేమ్స్ మాడిసన్ లేచి అడ్డుచెప్పాడు. కొన్నవాడికి బజారులో పలికిన గరిష్ఠ ధర ఇచ్చి, మిగిలినది మొదట చెమట, నెత్తురు ధారపోసిన సైనికుడికి ఇవ్వాలన్నాడు. ఫిబ్రవరి 22న ఓటు తీసుకుంటే మాడిసన్ పక్షానికి 13, ఎదుటి పక్షానికి 36 వచ్చాయి. ఆగస్టు 4న చట్టం అయింది. పేరు ఎవరిదైనా కాగితం పట్టుకున్నవాడిదే అని ఆ సభ తీర్పు చెప్పింది.

నేను అర్థశాస్త్రం చదివినవాణ్ణి కాను. హామిల్టన్ చెప్పినదే దేశపు పరపతిని నిలబెట్టిందని పెద్దలు వ్రాశారు, కావచ్చు. కాని ఎక్కడైనా వేలం జాబితాలో పియర్స్ నోటు కనిపించినప్పుడల్లా అది ఎన్ని చేతులు మారి ఎంతకు పోయిందో నాకు అక్కర లేదు. మొదటి చెయ్యి దాన్ని ఎంతకు వదులుకుందో అదే తోస్తుంది.

సాహుకార్ల తరువాతి తరంవారు భక్తులు. అల్బనీ నగరపు మతాచార్యుడు విలియం బ్యూయెల్ స్ప్రేగ్ వీరిలో ఆద్యుడు. యువకుడుగా 1815–16 ప్రాంతంలో వర్జీనియాలో వాషింగ్టన్ బంధువుల ఇంట పిల్లలకు చదువు చెప్పేవాడు. మన కులస్థుడే! వాషింగ్టన్ కాగితాలన్నిటికీ వారసుడైన బుష్రాడ్ వాషింగ్టన్ దగ్గర ఒక అనుమతి సంపాదించాడు. కావలసిన ఉత్తరాలు తీసుకోవచ్చు, కాని తీసిన ప్రతి ఉత్తరం స్థానంలో ఒక నకలు వ్రాసి పెట్టాలి. అలా సుమారు 1,500 ఉత్తరాలు ఆయన వెంట వెళ్ళాయి. నకలు ఇంట్లో ఉండిపోయింది, అసలు ఊరు దాటింది. స్వాతంత్ర్య ప్రకటన మీద చేవ్రాలు చేసిన 56 మంది దస్తూరీలనూ మొట్టమొదట పూర్తిగా సంపాదించినవాడుగా ఆయన పేరు నిలిచింది.

ఇంకొక పండితుడు చేసిన పని చదివి ఒక పూట మనసు కుదుటపడలేదు. 1834–37 మధ్య వాషింగ్టన్ రచనలను 12 సంపుటాలుగా ప్రకటించిన జేరెడ్ స్పార్క్స్ దగ్గర, వాషింగ్టన్ తన మొదటి పదవీ స్వీకార సమయానికి సిద్ధం చేయించుకుని చదవకుండా వదిలివేసిన పెద్ద ప్రసంగపు చిత్తుప్రతి ఉండేది. అంతా వాషింగ్టన్ స్వహస్తంతో ఎత్తి వ్రాసుకున్నదే. ఆయన దస్తూరీ ముక్క ఒక్కటి ఇప్పించండి అని మిత్రులు అడిగినప్పుడల్లా స్పార్క్స్ ఆ ప్రతిని కత్తెరతో కోసి పంచిపెట్టాడు! తరువాతి తరాల చరిత్రకారులు దేశమంతా వెతికి ఆ ముక్కలను అతుకుతూనే ఉన్నారు. చోట్లు ఖాళీగానే ఉన్నాయి. సిరా మీద భక్తి ముదిరితే వాక్యం చచ్చిపోతుందనడానికి ఇంతకంటే ఉదాహరణ వేరే అక్కరలేదు. చేవ్రాలు వరకే కత్తిరించి పుస్తకంలో అతికించుకున్న ముక్కలు సేకర్తల వర్ణనల్లో ఎన్నో కనిపిస్తాయి. తల ఒకరింట, మొండెం ఎక్కడో తెలియదు.

ఆ 56 మందిలో జార్జియాకు చెందిన బటన్ గ్విన్నెట్ సేకర్తలను ఏడిపించిన మనిషి. చేవ్రాలు చేసిన మరుసటి ఏడు, 1777 మే నెలలో, లాక్లన్ మెకింటోష్ అనే సేనానితో ద్వంద్వయుద్ధంలో గాయపడి మూడు రోజులకు చనిపోయాడు. అంతకు ముందు ఆయన అంత పేరున్నవాడు కాదు గనుక ఆయన కాగితాలను ఎవరూ దాచలేదు. తెలిసిన చేవ్రాళ్ళు యాభై పైచిలుకు, వాటిలోనూ అత్యధికం గ్రంథాలయాల్లో, సంగ్రహాలయాల్లో ఉన్నాయి. 2010లో ఒకటి వేలానికి వస్తే 7,22,500 డాలర్లు పలికింది. దక్షిణ కరోలినా యువకుడు థామస్ లించ్ 1779లో సముద్రంలో గల్లంతయ్యాడు. ఆయన చేవ్రాలు కూడా దుర్లభమే. 95 యేళ్ళు బతికి 1832లో పోయిన చార్లెస్ కారల్ చేవ్రాలు మాత్రం సులభంగా దొరుకుతుంది. అంటే ఈ బజారులో ధర కట్టేది మనిషి ఘనతకు కాదు, అతని అకాల మరణానికి!

మరి సామాన్యుడికి దారి లేదా? ఉంది. న్యూజెర్సీ రాష్ట్రం 1776 మార్చి 25 తేదీతో వెలువరించిన నోట్ల మీద జాన్ హార్ట్ అనే రైతు చేవ్రాలు చేశాడు. నాలుగు నెలలైనా కాకుండానే ఆయన స్వాతంత్ర్య ప్రకటనకు ఆమోదం తెలిపాడు. ఆ నోట్లు ఈనాటికీ కొన్ని వందల డాలర్లకే దొరుకుతాయి. ఒక మిత్రుడి ఇంట అద్దాల చట్రంలో అలాంటి నోటు చూశాను. అరచేతిలో సగం ఉంటుంది. దొంగనోటు చేసినవాడికి మరణశిక్ష అని దానిమీదే అచ్చువేసి ఉంది. ఎన్ని చేతులు మడిచాయో, మడత చోట నలిగి దాదాపు చిల్లు పడింది. ఆ ఏడాది చివర శత్రుసైన్యం వచ్చినప్పుడు హార్ట్ ఇల్లు వదిలి అడవుల్లో దాగవలసివచ్చింది. 1779లో చనిపోయాడు. ఆ నోటు మాత్రం మిగిలింది.

డబ్బున్న చోట దొంగ తప్పడు. ఇంగ్లండులో పుట్టి ఫిలడెల్ఫియాలో పుస్తకాల కొట్టు పెట్టిన రాబర్ట్ స్ప్రింగ్, వాషింగ్టన్ ఇచ్చినట్లుగా సైనిక శిబిరాలు దాటే అనుమతి చీట్లు, బ్యాంకు చెక్కులు పుంఖానుపుంఖాలుగా సృష్టించాడు. పాత పుస్తకాల ముందు వెనుక ఉండే ఖాళీ పుటలు చించి, కాఫీ నీళ్ళతో వన్నె తెచ్చి వ్రాసేవాడు. పట్టుబడి, పేదరికంలో 1876లో పోయాడు. జోసెఫ్ కోసీ కథ ఇంకా వింత. ఇతను 1929లో కాంగ్రెసు గ్రంథాలయం నుంచి 1786 నాటి ఒక జీతపు ఉత్తరువును తస్కరించాడు. దాని మీద పెన్సిల్వేనియా అధ్యక్షుడుగా బెంజమిన్ ఫ్రాంక్లిన్ చేవ్రాలు ఉంది. అమ్మబోతే వర్తకుడు చూసి నకిలీదని తోసిపుచ్చాడట. అసలుదాన్నే నకిలీ అంటే, నకిలీని అసలని నమ్మించలేనా అని పంతం పట్టి, దొంగ వ్రాతలలో ఆరితేరాడు. ఆయన దొంగ ప్రతులను న్యూయార్కు ప్రజా గ్రంథాలయం నేడు ప్రత్యేకంగా భద్రపరిచింది. దొంగతనానికి కూడా చరిత్ర ఉంటుంది కదా.

అసలుకూ నకిలీకీ తేడా తెలుసుకోవడానికి కాగితం, సిరా సాక్షులు. ఆనాటి కాగితం గుడ్డపీలికలతో చేసినది. వెలుతురుకు ఎత్తిపట్టితే తీగల చారలు, ఒక్కొక్కప్పుడు తయారీదారు ముద్ర కనిపిస్తాయి. కలపగుజ్జు కాగితం 19వ శతాబ్దం మధ్యకు గాని రాలేదు. సిరా సంగతి మన పెద్దలకు చెప్పనక్కరలేదు. పాశ్చాత్యులు ఓక్ చెట్టుకు పుట్టే బుడిపెలను నానబెట్టి, ఆ కషాయంలో అన్నభేది, జిగురు కలిపేవారు. మనవారు కరక్కాయ కషాయంలో అదే అన్నభేది కలిపారు. వగరు, ఇనుము కలిస్తే పుట్టే నలుపు రెండుచోట్లా ఒకటే. కాలం గడిస్తే గోధుమ రంగుకు తిరగడమూ, చిక్కగా పడిన చోట కాగితాన్ని తినివేయడమూ ఒకటే. పాత వ్రాతలో సిరా కాగితపు పోగుల్లోకి దిగి ఉంటుంది. ఇటీవల పాత కాగితం మీద వ్రాసిన సిరా అంచుల్లో ఈకలు ఈకలుగా పాకుతుంది. మడత మీద వ్రాత వచ్చినప్పుడు, వ్రాత ముందా మడత ముందా అని చూస్తారు. మడతలోకి సిరా కారి ఉంటే సందేహించాలి. చెయ్యి సంకోచం లేకుండా పరుగెత్తిందా, లేక చూసి గీసినట్లు వణికిందా అన్నది చివరి పరీక్ష. ప్రతుల పరిష్కారం చేసేవారికి ఇవన్నీ ఎరుకైన సూత్రాలే.

మోసం ఏమీ లేకపోయినా చేవ్రాలు ఆయనది కాకపోవచ్చు. భూమి పట్టాల మీద మొదట అధ్యక్షులే చేవ్రాలు చేసేవారు. ఆండ్రూ జాక్సన్ కాలానికి అవి వేలకొద్దీ పేరుకుపోయాయి. 1833 మార్చి 2న కాంగ్రెసు ఒక చట్టం చేసి, అధ్యక్షుడి పేరు వ్రాయడానికి ఒక కార్యదర్శిని నియమించింది. ఆ తరువాతి పట్టాల మీద అధ్యక్షుడి పేరుంటుంది, చెయ్యి ఉండదు. చేవ్రాలు అన్న మాటకు అర్థం పోయిన రోజది. ఇంకొక మాట. ఆ పట్టాలలో ఎకరాలు, హద్దులు, కొన్నవాడి పేరు అన్నీ ఉంటాయి. అంతకుముందు ఆ నేల మీద తరతరాలుగా బతికిన ఆదివాసుల పేరు ఒక్కటీ ఉండదు.

1790లో తేలిపోయిందనుకున్న ప్రశ్న మళ్ళీ 1977లో లేచింది. ప్రకటన మీద చేవ్రాలు చేసినవారిలో ఒకడైన విలియం హూపర్, అంతకు ముందు ఇంగ్లండు రాజు పక్షాన ప్రభుత్వ న్యాయవాదిగా ఉంటూ 1767, 1768లలో చేవ్రాలు చేసిన రెండు నేరారోపణ పత్రాలను ఉత్తర కరోలినాలో ఒక సేకర్త వేలంలో కొన్నాడు. అవి న్యాయస్థానపు దస్త్రాలు, మావి అని రాష్ట్రం దావా వేసింది. చట్టబద్ధంగా వదులుకున్నట్లు రుజువు లేనంతవరకు ప్రభుత్వ దస్త్రం ప్రజలదేనని ఆ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం తీర్పిచ్చింది. డబ్బిచ్చి కొన్నవాడు కాగితాలు వదులుకున్నాడు. సేకర్తల లోకం గడగడలాడింది.

అదే రాష్ట్రపు మరొక పత్రం కథ ఇంకా పెద్దది. 1789లో హక్కుల సవరణల ప్రతులు 14 వ్రాయించి, సభాధ్యక్షుడు ఫ్రెడరిక్ మ్యూలెన్‌బర్గ్, ఉపాధ్యక్షుడు జాన్ ఆడమ్స్ చేవ్రాళ్ళతో ఒకటి కేంద్రంలో ఉంచి, 13 రాష్ట్రాలకూ ఒక్కొక్కటి పంపారు. 1865 ఏప్రిల్‌లో, అంతర్యుద్ధపు చివరి రోజులలో, ఉత్తరాది సైనికుడొకడు రాలీ నగరంలోని శాసనసభా భవనం నుంచి తమ రాష్ట్రపు ప్రతిని ఎత్తుకుపోయాడు. మరుసటి ఏడు దాన్ని 5 డాలర్లకు అమ్మాడు. 1925లో ఆ రాష్ట్రానికే అమ్మజూపితే, మా సొత్తును మేమే కొనడమేమిటని వారు నిరాకరించారు. 2000లో ఒక వర్తకుడి చేతికి 2,00,000 డాలర్లకు వచ్చింది. 2003 మార్చిలో కేంద్ర నేరపరిశోధకులు కొనుగోలుదారు పక్షాన వచ్చినట్లు నటించి ఫిలడెల్ఫియాలో దాన్ని స్వాధీనం చేసుకున్నారు. ఇల్లు వదిలిన 138 ఏళ్ళకు దొరికిన పత్రం పిమ్మట సొంత రాష్ట్రానికి చేరింది.

ఇంతవరకూ చదివి నేను సేకర్తల మీద కత్తి కట్టానని అనుకోవద్దు. 1800 నవంబరు 8న యుద్ధశాఖ కార్యాలయం అగ్నికి ఆహుతయింది. తొలినాటి సైన్యపు కాగితాలన్నీ బూడిదయ్యాయి. ప్రభుత్వం భద్రంగా ఉంచినవి కాలిపోయాయి, చేతులు మారి ఊళ్ళమీద పడినవి బతికాయి! ఇళ్ళల్లో, గ్రంథాలయాల్లో, సేకర్తల పెట్టెల్లో మిగిలిన ఉత్తరాలను, నకళ్ళను వెతికి, నలభై వేలకు పైగా పత్రాల ఛాయాచిత్రాలతో ఆ కార్యాలయాన్ని పండితులు మళ్ళీ అంతర్జాలంలో నిలబెట్టారు. భద్రపరచడంలో సర్కారూ ఓడిపోగలదు, సేకర్తా గెలవగలడు. స్వాతంత్ర్య ప్రకటన మూలప్రతినే తీసుకోండి. 1841 నుంచి 35 యేళ్ళు పేటెంటు కార్యాలయంలో కిటికీ వెలుతురు పడే గోడకు వేలాడి వెలిసిపోయింది. జాతీయ పత్రాగారంలో మసక వెలుతురులో దాని ముందు నిలబడినప్పుడు, పెద్ద అక్షరాల జాన్ హాన్‌కాక్ పేరు కోసం వెతుక్కోవలసివచ్చింది.

అందుచేత ఎవరి చేతిలో ఉండాలన్నదానికంటే ఎలా చదవాలన్నది పెద్ద ప్రశ్న అని నాకు తోస్తుంది. ఒక్క ఉదాహరణ చెప్పి ముగిస్తాను.

కనెక్టికట్ రాష్ట్రంలో యుద్ధకాలపు జీతాల లెక్కలు చూడటానికి ఒక సంఘం ఉండేది. కోశాధికారిని ఉద్దేశించి, ఫలానా సైనికుడికి ఇంత చెల్లించండి అని ఆ సంఘసభ్యులు చేవ్రాలు చేసేవారు. చెల్లించిన తరువాత కాగితానికి చిల్లు పొడిచేవారు. సభ్యులలో ఆలివర్ ఎల్స్‌వర్త్ తరువాత దేశానికి ప్రధాన న్యాయమూర్తి అయ్యాడు, ఆలివర్ వాల్కాట్ కుమారుడు ఆర్థిక శాఖాధిపతి అయ్యాడు. వారి చేవ్రాళ్ళ కోసం ఆ చీట్లు కొంటారు. ధర నిర్ణయించేది కింది పేరే. అయితే ఆ రాష్ట్రపు 4వ రెజిమెంటులో నల్లజాతి సైనికుల కంపెనీ ఒకటి ఉండేది. దాని పట్టీలో ఉన్న పేర్లు కొన్ని వినండి: పాంప్ లిబర్టీ, కఫ్ లిబర్టీ, షార్ప్ లిబర్టీ, డిక్ ఫ్రీడమ్, నెడ్ ఫ్రీడమ్. బానిసలుగా పుట్టినవారికి తరచు ఇంటిపేరు ఉండేది కాదు. తుపాకి పట్టిన తరువాత వీరు 'స్వేచ్ఛ'ను ఇంటిపేరుగా పెట్టుకున్నారు. అదే పట్టీలోని జాక్ అరబస్‌ను యుద్ధం ముగిశాక యజమాని తిరిగి బానిసగా పట్టుకోబోతే, అతని సమ్మతితో సైన్యంలో చేరినవాడు గనుక స్వతంత్రుడేనని 1784లో న్యాయస్థానం విడిపించింది.

ఇటువంటివారి పేర వెలువడిన జీతపు చీట్లు నేటికీ కొన్ని మిగిలాయి. కింద పెద్దమనిషి చేవ్రాలు వంపులు తిరిగి ఉంటుంది. వెనక్కు తిప్పితే, సొమ్ము ముట్టినట్లు సైనికుడి చేవ్రాలు ఉంటుంది. వ్రాయనేర్వనివాడైతే రెండు గీతలు అడ్డంగా గీసిన నిశాని. అంతే. ఆ మనిషి ఈ లోకంలో స్వహస్తంతో గీసి మిగిల్చినది బహుశా ఆ రెండు గీతలే.

ఎప్పుడైనా మీ కంట ఇటువంటి పత్రం పడితే ముందుగా దాన్ని తిప్పి చూడండి, ఆ తరువాత నడుమనున్న పేరు చదవండి. ఎవరు చేవ్రాలు చేశారన్నది చివరికి చూడవచ్చు. కొనగలిగినవారు చించకుండా, కత్తిరించకుండా, వెలుతురు తగలకుండా ఉంచి, అందులోని ప్రతి అక్షరానికీ నకలు తీసి పదిమందికీ అందేటట్లు చేస్తే, అది ఎవరి పెట్టెలో ఉన్నా మొదటి చేతికి కొంతైనా బాకీ తీరుతుందని నా నమ్మకం.

తెలిసిన మిత్రులు తమ అభిప్రాయాలు వ్యాఖ్యలలో తెలియజేయగలరు.

స్వస్తి.